మీ ప్రశ్న – మా జవాబు: బ్యాటరీకీ బోర్డుకీ మధ్య ముందు ఫ్యూజు పెట్టండి

ప్రశ్న: సార్, మాది కదిరి దగ్గర పల్లె. తోటలో బోరు దగ్గర కెమెరా కోసం రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాను, కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతోంది, మెమరీ కార్డు కూడా చెడిపోయింది. పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఉంది. వోల్టేజ్ తగ్గించే బక్ కన్వర్టర్ ఒకటి కొని నేరుగా కలిపేస్తే బోర్డు కాలిపోతుందా?

జవాబు: మీరు బోర్డు గురించి భయపడుతున్నారు, నాకైతే ముందు మీ వైర్ల గురించే భయం. ఆ బ్యాటరీ చూడ్డానికి చిన్నదే గానీ టెర్మినళ్లు షార్ట్ అయ్యాయంటే ఒక్కసారిగా వంద ఆంపియర్ల దాకా వదిలేస్తుంది, సన్న వైరు ఎర్రగా కాలి పైన ప్లాస్టిక్కు అంటుకుంటుంది, బోరు షెడ్డులో ఎలుక కొరికినా చాలు ఇది జరగడానికి. అందుకని ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరం లోపే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి, బైకుల్లో వేసే బ్లేడు ఫ్యూజు, హోల్డరు ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులో అయినా ఇస్తారు. ఫ్యూజుని కన్వర్టర్ పక్కన పెట్టి ఊరుకోకండి, అప్పుడు బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకి కాపలా ఏమీ ఉండదు.

ఇక కన్వర్టర్. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ అంటాం గానీ ఛార్జింగ్‌లో అది 14.4 దాకా పోతుంది, దాన్ని తట్టుకునేది తీసుకోండి. స్క్రూ తిప్పి వోల్టేజ్ సెట్ చేసుకునే ఎల్ఎం2596 కన్వర్టర్ మాడ్యూల్ మీద 3 ఆంపియర్లు అని రాసుంటుంది గానీ 2 దాటితే బాగా వేడెక్కుతుంది, 5 వోల్టులకి ఫిక్స్ చేసి వచ్చే 5 ఆంపియర్లదే నా ఓటు. స్క్రూ రకమే తెచ్చుకుంటే బోర్డు పెట్టకముందే మల్టీమీటర్‌తో 5.1కి సెట్ చేయండి, కొత్త మాడ్యూల్ ఎంత ఇస్తుందో చూడకుండా పెడితే బోర్డు పోయినట్టే. ఎక్కువైన వోల్టేజ్‌ని వేడిగా వదిలేసే 7805 రెగ్యులేటర్ మాత్రం వద్దు, 1 ఆంపియర్ లాగితేనే 7 వాట్లు వేడి కింద పోతుంది. కరెంటు టైప్ సీ పోర్టులోంచే ఇవ్వండి, బోర్డు మీది పిన్నులకి ఇస్తే ప్లస్సు మైనస్సు తిరగబడినప్పుడు కాపాడేది ఉండదు. కేబుల్ పొట్టిగా, లావుగా ఉండాలి, సన్న కేబుల్‌లో రానూపోనూ కలిపి 0.2 ఓమ్ ఉన్నా 3 ఆంపియర్లకి 0.6 వోల్టులు అక్కడే పోతాయి, దాదాపు 4.6కి దిగితే తెర మీద మెరుపు గుర్తు వస్తుంది, బోర్డు నెమ్మదిస్తుంది.

చాలామంది వదిలేసేది బ్యాటరీని పూర్తిగా పీల్చేయకుండా ఆపే కటాఫ్. మీ దగ్గరున్నలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడి అలాగే వదిలేస్తే లోపల సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పట్టదు. 11.6 వోల్టుల దగ్గర తెంచేసే లో వోల్టేజ్ కటాఫ్ మాడ్యూల్ ఒకటి మధ్యలో వేయండి. బోర్డు 5 వాట్లు లాగుతుందనుకుంటే బ్యాటరీ నుంచి అర ఆంపియర్ పోతుంది, సగం వరకే వాడుకుంటే 7 గంటలు వస్తుంది, అదీ బ్యాటరీ కొత్తదైతే. కార్డు చెడిపోవడం కూడా ఆగాలంటే కటాఫ్‌కి ముందే, 11.9 దగ్గర, బోర్డు తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా వోల్టేజ్ కొలిచే ఐఎన్ఏ219 సెన్సర్ పెట్టుకోండి, ఎందుకంటే రాస్‌బెర్రీ పైకి సొంతంగా బ్యాటరీ వోల్టేజ్ కొలిచే వీలు లేదు.

ఛార్జర్ 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య ఫ్లోట్ చేసే, అంటే ఫుల్ అయ్యాక అక్కడే నిలబెట్టే లెడ్ యాసిడ్ ఛార్జరే కావాలి, బోర్డుకీ బ్యాటరీకీ రెండింటికీ సరిపడా ఆంపియర్లు ఉన్నది. లారీ బ్యాటరీలకి పెట్టే పెద్ద ఛార్జర్ వద్దే వద్దు. ఎక్కువ ఛార్జ్ అయితే హైడ్రోజన్ వస్తుంది, గాలాడని డబ్బాలో పెట్టకండి. మీ వైపు ఎండలకి రేకుల షెడ్డు కింద అసలే పెట్టకండి, వేడికి ఈ బ్యాటరీల ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది.

ఇదంతా కొనేముందు ఆ పాత బ్యాటరీకి ఫుల్ ఛార్జ్ పెట్టి, తీసేసి, రాత్రంతా ఏమీ కలపకుండా ఉంచి పొద్దున్నే కొలవండి. 12.7 దగ్గర ఉంటే లోడు పెట్టి ఎన్ని గంటలు వస్తుందో చూడండి, 12.4 కూడా లేకపోతే దాని మీద పైసా పెట్టకండి, బ్యాటరీ షాపులో ఇచ్చేసి కొత్తది తీసుకోండి, అందులో సీసం, యాసిడ్ ఉన్నాయి, చేలో మాత్రం పారేయొద్దు.