గొర్రె గాయానికి పురుగులు పడితే ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 60 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి గాయాలకు పురుగులు పడుతున్నాయి. ఫినాయిల్ పోసి, పుల్లతో తీసేస్తున్నా. మూడు వారాలు తిరిగేసరికి ఇంకో జీవానికి పడుతున్నాయి. అమెరికాలో ఒక సైంటిస్టు మగ ఈగల్ని వదిలి ఆ ఈగనే లేకుండా చేశాడని మా అబ్బాయి ఫోన్‌లో చూసి చెప్పాడు. నిజమేనా? మన దగ్గర ఎందుకు చేయరు?
– ఒక గొర్రెల కాపరి, ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ఫినాయిల్ పోయడం ఆపండి. అది పురుగుతో పాటు పచ్చి కండనూ కాలుస్తుంది, పుండు పెద్దదవుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది స్క్రూవార్మ్ ఈగ పని. నీలం, పచ్చ కలిసి మెరుస్తుంది. బతికున్న జీవం గాయం అంచునే 150–200 గుడ్లు పెడుతుంది. ఒక రోజులో పురుగులు పుట్టి, తల లోపలికి పెట్టి కండలోకి దిగుతాయి. మొన్నామధ్య ఒక పొట్టేలు కొమ్ము మొదట్లో చూశాను. పైకి రూపాయి బిళ్లంత గాయం, ఎర్రటి నీరు కారుతోంది. దగ్గరగా చూస్తే లోపల తేనెపట్టు గదుల్లా గుంటలు, ఒక్కో గుంటలో ఒక తోక కదులుతోంది. పట్టకారుతో తీస్తే 43 వచ్చాయి. ఆ జీవం ఎంత బాధ పడిందో!

తీసిన పురుగుల్ని మీరు ఎక్కడ వేశారో రాయలేదు. నేల మీద వేస్తే మాత్రం రేపటి ఈగల్ని మీరే పెంచినట్టు. 5–7 రోజులు కండ తిన్న పురుగు రాలి మట్టిలో దూరుతుంది, గూడు కట్టుకుని ఈగై లేస్తుంది. అది మళ్లీ గుడ్లు పెట్టేసరికి ఇంచుమించు మూడు వారాలు. మీరు చెప్పిన లెక్క అదే.

మీ అబ్బాయి చూసింది నిజమే. ఆయన ఎడ్వర్డ్ నిప్లింగ్, 1909లో టెక్సాస్‌లో రైతు కుటుంబంలో పుట్టాడు. 1930ల చివర్లో తోటి శాస్త్రవేత్త రేమండ్ బుష్‌లాండ్‌తో కలిసి అక్కడి స్క్రూవార్మ్ ఈగ మీద పనిచేశాడు. ఆడ ఈగ జన్మలో ఒక్కసారే జతకడుతుందని గమనించారు. ఆ ఒక్కసారీ బీజం చచ్చిన మగ ఈగతో అయితే గుడ్లు పొదగవు. ఇంతకాలం మనమంతా ఈగను చంపే మందు కోసమే వెతికాం. నిప్లింగ్ ఈగ కాపురం మీద దెబ్బకొట్టాడు. అయితే బుష్‌లాండ్ చేసిన పని లేకపోతే ఇది కాగితం మీదే ఉండిపోయేది. బతికున్న జంతువు లేకుండా, నూరిన మాంసం, రక్తం కలిపిన మేతతో పురుగుల్ని పెంచే పద్ధతి ఆయనదే.

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. నిప్లింగ్ సైనికుల్ని పీడించే పేలు, దోమల మందుల పనికి మళ్లాడు. 1950 ప్రాంతంలో బుష్‌లాండ్ ఎక్స్‌రేలతో ఈగల్ని గొడ్డుపోయేలా చేయగలిగాడు. మొదట ఫ్లోరిడా పక్కన సానిబెల్ దీవిలో వదిలారు. ఒడ్డు రెండు మైళ్లే కావడంతో మంచి ఈగలు ఎగిరొచ్చి పని సగంలో ఆగింది. 1954లో ఒడ్డుకు దూరంగా, కరీబియన్ సముద్రంలో ఉన్న కురసావ్ దీవిలో చేస్తే కొద్ది నెలల్లోనే ఆ ఈగ లేకుండా పోయింది. అక్కడా బాధపడింది మేకలు, గొర్రెలే. తర్వాత ఫ్లోరిడాలో వారానికి 5 కోట్ల ఈగల్ని పెంచి విమానాల్లోంచి వదిలారు. ఈ పనికి 1992లో ఇద్దరికీ వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.

మన ఈగ అదే కోవది గానీ జాతి వేరు. దాని కోసం వేరే ఫ్యాక్టరీ కావాలి, ఏళ్ల తరబడి ఆపకుండా వదలాలి. ఉదయగిరి కొండ చుట్టూ సముద్రం లేదు కదా, పక్క మండలం ఈగ రేపే వస్తుంది. అంత చేసి తరిమేసిన మెక్సికోలోకి కూడా 2024లో ఆ అమెరికా ఈగ తిరిగొచ్చింది. కాబట్టి మన ఆయుధం మన దొడ్డిలోనే ఉండాలి.

గాయం చుట్టూ బొచ్చు కత్తిరించండి. టర్పెంటైన్ నూనెలో తడిపిన దూదిని పది నిమిషాలు పెడితే గాలాడక పురుగులు పైకొస్తాయి. కంట్లో, ముక్కులో మాత్రం వాడొద్దు. పట్టకారుతో ఒక్కటీ మిగలకుండా తీసి, మరిగే నీళ్ల గిన్నెలో వేయండి. లోపల చచ్చిన పురుగు ఉన్నా పుండు కుళ్లుతుంది. తర్వాత లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, అయోడిన్ మందు రాసి, చుట్టూ వేపనూనె పూయండి. డాక్టరు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ రాస్తే 1 శాతం మందు 50 కిలోల బరువుకు 1 మి.లీ., చర్మం కింద. 30 కిలోల గొర్రెకు 0.6 మి.లీ. చాలు. సీసా మీది గడువు దాటేదాకా ఆ జీవాన్ని కోతకు అమ్మకండి. పుండు లోతుగా ఉంటే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మందలో రోజూ సాయంత్రం ఒక్కో గొర్రెను తడిమి చూడాలి. సర్కారు తుమ్మ ముల్లు గీరిన గాయం, చెవి పోగు వేసిన చోటు, పిడుదు కొరికిన చోటు, అన్నీ ఈ ఈగకు దారులే. అన్నిటికన్నా పుట్టిన పిల్ల బొడ్డు. ఈనిన వెంటనే టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. బొడ్డు ఆరేదాకా రోజూ చూడండి. ఈసారి తీసిన పురుగుల్లో నాలుగైదు చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి దాచి, మీ పశువైద్యుడికి చూపించండి. ఏ ఈగదో తేలుతుంది.