కొబ్బరినూనెలో సిట్రొనెల్లా ఎంత కలపాలి?

తొలకరి మొదలయ్యాక డెల్టా ఊళ్ల నుంచి దోమల మీద వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్ర: సిట్రొనెల్లా నూనె కొబ్బరినూనెలో కలిపి సాయంత్రం చేతులకీ కాళ్లకీ రాసుకుంటున్నాం. కాసేపు దోమ వాలదు, అరగంట దాటాక మళ్లీ మామూలే. నూనె కల్తీదంటారా? పాళ్లు కూడా చెప్పగలరు.
– గృహిణి, రాజోలు

జ: కల్తీ అయి ఉండొచ్చు. అయితే అసలైన నూనె కూడా అరగంట, గంటకు మించి ఆగడం కష్టమేనండి. సిట్రొనెల్లాలో దోమకు పడనివి ముఖ్యంగా సిట్రొనెల్లాల్, సిట్రొనెల్లోల్, జెరానియోల్. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, చెమటలోని లాక్టిక్ ఆమ్లం, ఒంటి వేడి ఆనవాలు పట్టుకుని దోమ వస్తుంది. చర్మం దగ్గర ఈ నూనె ఆవిరి తగిలితే దారి తప్పుతుంది. దోమ చావదు, పక్కవాళ్ల మీదకు పోతుంది, అంతే. మీకు వాసన గుప్పుమంటోందంటే నూనె ఒంటి మీద నుంచి ఎగిరిపోతోందని అర్థం. మన ఉక్కపోతలో చెమట దాన్ని ఇంకా తొందరగా కడిగేస్తుంది.

పాళ్లు: 95 మి.లీ. కొబ్బరినూనెకు 5 మి.లీ. సిట్రొనెల్లా. పెద్దవాళ్లకు 10 మి.లీ. దాకా పెంచొచ్చు, అప్పుడు కొబ్బరినూనె 90. అంతకు మించితే మంట, దద్దురు ఎక్కువవుతాయి తప్ప కాపుదల ఆ మేరకు పెరగదు. చుక్కలు లెక్కపెట్టకండి. 20 చుక్కలు ఒక మి.లీ. అంటారు గానీ సీసా మూతిని బట్టి చుక్క మారిపోతుంది. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి మందుల షాపులో దొరుకుతుంది, దాంతో కొలవండి. ముదురు రంగు గాజు సీసాలో కలిపి నీడలో ఉంచండి. పల్చటి ప్లాస్టిక్ సీసాలు కొన్ని ఈ నూనెకు మెత్తబడిపోతాయి. ధనుర్మాసం చలికి కొబ్బరినూనె పేరుకుంటుంది కనుక ఆ నెల సగం నువ్వులనూనె వేసుకుంటే సరి.

మొదటిసారి మోచేతి మడత లోపల కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడండి. ఎర్రబడితే ఆ నూనె మీకు పడదు. ఏడాది దాటిన పాత నూనె గాలి తగిలి మారిపోయి ఉంటుంది, దాంతో దురద వచ్చే అవకాశం ఎక్కువ.

రాసేటప్పుడు చాలామంది వదిలేసేవి చీలమండ, పాదం పైభాగం, మోకాలి వెనక. దోమ సరిగ్గా అక్కడే వాలుతుంది, ఎందుకంటే రాయని చోటుకు పక్కచోటి నూనె కాపు కాయదు. బాగా చెమట పట్టినప్పుడు అరగంటకోసారి, లేకపోతే గంటకోసారి మళ్లీ రాయాలి. వెనిలిన్ పొడి కలిపితే నిలిచే సమయం కొంత పెరుగుతుందన్నది పరీక్షల్లో తేలిన మాటే. కానీ కేకుల్లో వేసే వెనిలా ఎసెన్స్ నూనెలో కలవదు, అడుగున చేరుతుంది.

కల్తీ సంగతి. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి మర్నాటిదాకా వదిలేయండి. నూనె మరక మిగిలితే అందులో వంటనూనె లాంటిదేదో కలిపారు. మరక లేకపోతే అసలైనదేనని మాత్రం హామీ లేదు, కృత్రిమ సెంటు కూడా ఆరిపోతుంది. కొనేటప్పుడు జావా రకం అడగండి, సిలోన్ రకం కన్నా అందులో సిట్రొనెల్లాల్ ఎక్కువ. గచ్చు తుడిచే సిట్రొనెల్లా ద్రావణం ఒంటికి రాసేది కాదు.

ప్ర: అయిపోయిన దోమల మెషిన్ రీఫిల్‌లో వేపనూనె, కర్పూరం పోసి వాడుకోవచ్చని అందరూ అంటున్నారు. రెండు రోజులకే వత్తి నల్లబడి ఆగిపోయింది. ఎక్కడ తప్పు చేశాం?
– పాఠకుడు, పాలకొల్లు

జ: తప్పు మీది కాదు, ఆ చిట్కాదే. రీఫిల్‌లో ఉండేది పల్చటి, తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం. వత్తిలోని సన్నటి రంధ్రాల గుండా అది పైకెక్కి వేడి తగలగానే ఎగిరిపోతుంది. వేపనూనె అలాంటిది కాదు. చిక్కన, పైగా ఆవిరి కాదు. వత్తి కొసన మాడి జిగురులా అంటుకుంటుంది. కర్పూరం గడ్డకట్టి మిగిలిన రంధ్రాలూ మూసేస్తుంది. పల్చన చేద్దామని కొందరు కిరోసిన్, టర్పెంటైన్ పోస్తున్నారు. రాత్రంతా వేడిగా ఉండే ప్లగ్గు పక్కన అవి పెట్టడమంటే నిప్పుతో చెలగాటమే.

వేపనూనెకు ఒంటి మీద విలువుంది. కొబ్బరినూనెలో 2 శాతం వేపనూనె కలిపి రాస్తే అనాఫిలిస్ దోమల నుంచి రాత్రంతా కాపుదల దొరికిందని మన దేశంలో చేసిన పరిశోధన 1993లో అచ్చయింది. అనాఫిలిస్ అంటే మలేరియా దోమ. మన మురుగుకాలువల్లో పెరిగి బోదకాలు తెచ్చే క్యూలెక్స్, పగటిపూట కుట్టే డెంగీ దోమ వేరు జాతులు, వాటికీ అదే ఫలితమని అనుకోకండి. 98 మి.లీ. కొబ్బరినూనెకు 2 మి.లీ. చాలు. వాసన భరించగలిగితే రాసుకోండి.

ప్ర: మా మనవడికి ఎనిమిది నెలలు. ఉయ్యాల గుడ్డకు నీలగిరి తైలం రాయొచ్చా?
– ముమ్మిడివరం నుంచి ఒక అమ్మమ్మగారు

జ: వద్దండి. గుడ్డకూ వద్దు, దిండుకూ వద్దు, ముక్కు దగ్గరకు అసలే వద్దు. చంటిపిల్లలకు ఆ ఘాటు ఊపిరికి ఇబ్బంది. అంతకన్నా భయం సీసాతో. కొద్ది మి.లీటర్లు మింగినా పిల్లలు మత్తులోకి జారిపోతారు, ఫిట్స్ రావొచ్చు. కర్పూరమూ అంతే. పొరపాటున తాగితే వాంతి చేయించకండి, సీసా చేతబట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. మీ బాబుకి దోమతెరే మందు. అంచులు పరుపు కిందకు దోపాలి, పగటి నిద్రకూ కట్టాలి.

ప్ర: పెరట్లో నిమ్మగడ్డి వరసగా నాటితే దోమలు రావా?
– కాకినాడ

జ: వస్తాయి. నూనె ఆకు లోపల ఉంటుంది, నలిపితే తప్ప బయటికి రాదు. టీలోకి పనికొస్తుంది, నాటుకోండి.

ప్ర: యూకలిప్టస్ నూనె దోమల క్రీముల్లో వేసే రసాయనం డీట్‌తో సమానంగా పనిచేస్తుందని చదివాను. రాత్రి రొయ్యల చెరువు కాపలాకు నీలగిరి తైలం రాసుకుంటే ఏమీ తేడా లేదు.
– భీమవరం మండలం

జ: మీరు చదివింది వేరే చెట్టు గురించి. నిమ్మవాసన వచ్చే జామాయిల్ ఆకు నుంచి తీసి శుద్ధి చేసిన పీఎండీ అనే పదార్థానికి ఆ పేరొచ్చింది. అది 30 శాతం దాకా ఉన్న తయారీలు గంటల తరబడి పనిచేస్తాయి (మూడేళ్ల లోపు పిల్లలకు వాడకూడదు). మందుల షాపు నీలగిరి తైలంలో ఉండేది ఎక్కువగా సినియోల్. జలుబుకు వాడతారు గానీ దోమ దాన్ని పెద్దగా లెక్కచేయదు. రాత్రంతా గట్టు మీద ఉండేవారికి పీఎండీ గానీ 20 శాతం పైబడిన డీట్ గానీ, నిండు చేతుల చొక్కా, ప్యాంటు కావాలి. మేత చల్లే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పైరిత్రాయిడ్ (ఇళ్లలో కొట్టే చాలా దోమల మందుల్లో ఉండే రసాయనం) ఉన్న స్ప్రేలు చెరువు దగ్గర కొట్టొద్దు, రొయ్యకు అవి విషం.

ప్ర: మా వీధి చివర కాలువంతా గుర్రపుడెక్క, అంతరతామర. పాత ఇంజన్ ఆయిల్ పోశాం, దోమలు తగ్గలేదు. సిట్రొనెల్లా పోస్తే?
– అమలాపురం దగ్గరి గ్రామం నుంచి

జ: రెండూ దండగే. నూనె పొర నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే పిల్లపురుగులనే చంపుతుంది. ఈ మొక్కల కింద పెరిగే మాన్సోనియా దోమ పిల్ల పైకే రాదు. గొట్టంలాంటి భాగాన్ని మొక్క వేరులో గుచ్చి అక్కడి నుంచే గాలి పీలుస్తుంది. పైన ఎన్ని లీటర్లు పోసినా దానికి తెలియదు, చేపలు మాత్రం చస్తాయి. మొక్కను వేరుతో సహా లాగి గట్టు మీద ఎండబెట్టాలి. లాగి నీటి అంచున వదిలేస్తే వారం తిరక్కుండా మళ్లీ పాకుతుంది. అదే రోజు ఇంటి వెనక బోర్లించని కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాలు కూడా ఏరేయండి. పగలు కుట్టే డెంగీ దోమ కాలువలో కాదు, వాటిలో నిలిచిన వాననీటిలో పెరుగుతుంది. నీళ్ల డ్రమ్ము వారానికోసారి ఒంపి, గోడలు కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దాలి. ఒంపి ఊరుకుంటే గోడకు అంటిన గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు పట్టగానే పొదుగుతాయి.