బెదిరించిన మాటను ఆ రోజే కాగితం మీద పెట్టు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. విలేకరివై, పూడిక తీయని చెరువుకు కాంట్రాక్టరు బిల్లులు ఎత్తుకున్న సంగతి బయటికి లాగావంటే గర్వంగా ఉంది. అయితే చివర్లో ‘చిన్న బెదిరింపే పెదనాన్నా, పోలీసుల దాకా ఎందుకు’ అని రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. నీ తమ్ముడు చిత్తూరు కాలేజీకి ఏ బస్సులో వెళ్తాడో చెప్పినవాడు చిన్న మాట అనలేదు తల్లీ.

స్వర్ణముఖి ఇసుక గురించి రాసినా, శేషాచలం ఎర్రచందనం గురించి రాసినా, క్వారీల గురించి రాసినా, బెదిరింపు వచ్చే దారి నేను చూసినంతవరకు ఒకటే. మొదట కావలసినవాళ్లే వస్తారు. మేనమామ వరసయ్యే ఒకాయన, చదువు చెప్పిన మాస్టారు, ‘పెళ్లి కావలసిన పిల్లవు’ అంటూ పక్కింటి ఆవిడ. వాళ్లలో చాలామందికి నీ మీద నిజంగానే ప్రేమ ఉంటుంది. తర్వాత మీ నాన్న పాసుపుస్తకంలో ఏదో తేడా ఉందని కబురు వస్తుంది. పేరు చెప్పని ఫోను ఆ తర్వాతే. అందరూ ఆ ఫోను దగ్గరి నుంచే లెక్క మొదలుపెడతారు. నువ్వు మేనమామ వచ్చిన రోజు నుంచి రాయి.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ అనే విలేకరి రోడ్డు పనిలో అవినీతిని బయటపెట్టాడు. 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. జనవరి 3న ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. పోలీసులు పట్టుకున్నవారిలో అతని బంధువులూ ఉన్నారు. కాబట్టి ‘ఒకసారి కూర్చొని మాట్లాడుకుందాం’ అని ఎవరు పిలిచినా, ఎంత దగ్గరివాళ్లయినా, ఒంటరిగా వెళ్లకు. పగటి పూట ఆఫీసుకు రమ్మను.

కుట్టిన నోటుబుక్కు ఒకటి కొని పేజీలకు నంబర్లు వేసుకో. విడి కాగితాలు వద్దు, మధ్యలో చేర్చావంటారు. నీకు వచ్చిన ఫోను గురించి రాయాల్సింది ఇలా: తేదీ, సమయం, నంబరు, మామూలు కాలా వాట్సాప్ కాలా, స్పీకరులో పెడితే అమ్మ విన్నదా, వెనుక టిప్పరు రివర్సు తీస్తున్న మోత వినిపించిందా. అన్న మాటలు అన్నట్టే, బూతులతో సహా రాయాలి. ‘అసభ్యంగా మాట్లాడాడు’ అని రాస్తే కోర్టులో పనికిరాదు. వాయిస్ మెసేజ్ వస్తే చెరపకు, వచ్చిన ఫోనును మార్చకు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అప్పుడు అసలు ఫోను చేతిలో ఉండాలి.

ఇక పోలీసుల మాట. బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం. చంపుతామన్న బెదిరింపుకు ఏడేళ్ల దాకా జైలు ఉంది, పేరు దాచుకొని బెదిరిస్తే మరో రెండేళ్ల దాకా అదనం. స్టేషన్‌లో ‘ఇది కేసు కాదమ్మా’ అంటే వాదించకు. జనరల్ డైరీలో రాయించి ఆ నంబరు అడుగు. ఫిర్యాదు తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపు, రసీదు దాచు. ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు. స్టేషన్‌లో అందరూ నీవైపే ఉంటారనుకోకు, అందరూ ఎదుటివైపే అనీ అనుకోకు. 2021 ఆగస్టులో నంద్యాలలో ఒక విలేకరిని పొడిచి చంపిన కేసులో ప్రధాన నిందితుడు సస్పెన్షన్‌లో ఉన్న కానిస్టేబులు. అందుకే ఫిర్యాదు ఒక్క చోటే పెట్టకూడదు. ఎస్పీకి ఇచ్చిన కాపీనే ప్రెస్ కౌన్సిల్‌కు, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు పంపు. కమిషన్‌లో హక్కుల కార్యకర్తల కోసం ప్రత్యేక విభాగమే ఉంది.

నా నమ్మకం ఒకటి చెబుతాను. చెరువు బిల్లుల సంగతి నీ ఒక్కదానికే తెలిసినంతకాలం నీ నోరు మూయిస్తే వాళ్ల పని నెరవేరుతుంది. పది మంది చేతుల్లో ఉన్నప్పుడు నిన్ను ఏం చేసినా వాళ్లకు లాభం లేదు. మాల్టా దేశంలో డాఫ్నే కరువానా గలిజియా అనే విలేకరిని 2017లో కారు బాంబుతో చంపారు. మరుసటి ఏడాదే పలు దేశాల విలేకరులు కలిసి ఆమె వదిలిన కథనాలను పూర్తిచేసి అచ్చువేశారు. నువ్వు ఆ పని బతికుండగానే చేయాలి. కాగితాల కాపీలు తిరుపతిలో నా దగ్గర, మీ పత్రిక డెస్క్‌లో, ఒక వకీలు దగ్గర ఉండనీ. ఆ ముగ్గురి దగ్గరా ఉన్నాయని ఎదుటివాళ్లకు తెలియనీ.

చేసిన పని కొలతలు రాసే ఎం.బుక్ ఉంటుంది కదా, దాని ధ్రువీకరించిన కాపీని వెంటనే అడుగు. ఇంజనీరు ఏఈ రాసిన కొలతలు, అతని పై ఇంజనీరు డీఈ సంతకం, పేజీ నంబరు, ముద్ర అన్నీ కనిపించాలి. మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో 2024 జూలైలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. మండల కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు ఐదు రూపాయలే, ఎందుకని చెప్పక్కర్లేదు, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇంటి చిరునామా బదులు పోస్టు బాక్సు నంబరు ఇవ్వొచ్చని కలకత్తా హైకోర్టు 2013లోనే చెప్పింది. వేరే ఊళ్ల నుంచి మరో ఇద్దరి చేత అదే దరఖాస్తు పెట్టించు.

దీనివల్ల మరో మేలుంది. నీకు గుట్టుగా కాగితం ఇచ్చిన ఉద్యోగి ఉన్నాడే, అతని కాపీని అచ్చువేయకు. హక్కుగా వచ్చిన కాపీనే వేయి. అతని పేరు నోటుబుక్కులో వద్దు, ఫోనులో వద్దు, నాకూ చెప్పవద్దు. సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు జాతీయ రహదారుల అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాస్తూ తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాడు. ఆ ఉత్తరం చేతులు మారింది, 2003 నవంబరులో గయలో అతణ్ణి కాల్చి చంపారు. ఇలాంటివాళ్ల కోసం 2014లో తెచ్చిన చట్టం ఇంతవరకు అమల్లోకే రాలేదు. నీ ఉద్యోగికి ఉన్న రక్షణ నీ నోరే.

యాడ్స్ సంగతి గట్టిగా చెబుతున్నాను. పత్రిక జీతం సరిగా ఇవ్వదు, ఆగస్టు 15కూ జనవరి 26కూ ఇన్ని ప్రకటనలు తెమ్మంటుంది. ఆ చెరువు కాంట్రాక్టరు దగ్గర, అతని బావమరిది దగ్గర, అతని దగ్గర సిమెంటు కొనే కొట్టు దగ్గర కూడా ఒక్క యాడ్ అడగకు. నిన్ను కొట్టడం కంటే ‘డబ్బులు అడిగింది, ఇవ్వలేదని రాసింది’ అని కేసు పెట్టడం వాళ్లకు తేలిక. రాసేముందు వివరణ కోరుతూ కాంట్రాక్టరుకూ డీఈకీ లిఖితపూర్వకంగా పంపు. పరువునష్టం కేసు వచ్చినా అది పనికొస్తుంది.

సోమవారం ఎస్పీ కార్యాలయంలో ఫిర్యాదులు తీసుకుంటారు. నేనూ వస్తాను. నోటుబుక్కు, ఫోను, ఫిర్యాదు మూడు ప్రతులు తీసుకురా. ఒక ప్రతి మీద ముద్ర వేయించుకొనే బయటికి వద్దాం. అప్పటిదాకా తమ్ముణ్ణి వేరే బస్సులో పంపమని నాన్నకు నేనే ఫోను చేస్తాను.

మీ పెదనాన్న