సందేహాలు – సమాధానాలు: పడిన రాయి, దొరికిన రాయి

సందేహం: మా బడి సైన్సు ప్రదర్శనలో ఒక బొమ్మ కింద ‘1803లో ఫ్రాన్స్‌లోని లేగ్ల్‌లో దొరికిన ఉల్కాపాతాలు’ అని రాశాం. ‘ఉల్కారాళ్లు’ అనాలని తోటి ఉపాధ్యాయుడు అంటున్నారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రెండూ సరికావమ్మా. పాతం అంటే పడటం. పడటాన్ని ఏరి తెచ్చి అద్దాల పెట్టెలో పెట్టలేం. మరి జలపాతం వస్తువు కాదా అంటారేమో. నీరు పడుతున్నంతసేపే అది జలపాతం, కిందికి చేరి పారితే ఏరు. ఉల్క కూడా ఆకాశంలో మండుతూ కనిపించేంతవరకే. ఏటా ఆగస్టులో వచ్చే పర్సీడ్ ఉల్కాపాతంలో ఒక్క రాయీ నేలకు చేరదు, అయినా అది ఉల్కాపాతమే. నేలకు చేరిన రాయి ఉల్కాశిల. ‘ఉల్కా’ అన్న సంస్కృత రూపానికి తెలుగు ‘రాయి’ని అతికితే వైరి సమాసం. తెలుగు మాటే కావాలంటే ‘ఉల్కరాయి’ అనండి, హాయిగా ఉంటుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం ‘దొరికిన’. ఎప్పుడో పడి తర్వాత కంటబడినవి దొరికిన రాళ్లు. లేగ్ల్‌వి అలాంటివి కావు. 1803 ఏప్రిల్ 26 మధ్యాహ్నం పెద్ద చప్పుళ్లతో సుమారు 3,000 రాళ్లు జనం చూస్తుండగానే పడ్డాయి. ప్రభుత్వం పంపగా వెళ్లిన భౌతికశాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బియో రాళ్లు పడిన మేర ఎంతో కొలిచాడు, ఊరూరా సాక్షులను విచారించాడు. అంతకుముందు అలాంటి రాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేవని కూడా తేల్చాడు. నింగి నుంచి రాళ్లు పడతాయని పండితలోకం ఒప్పుకోవడానికి ఆ సాక్ష్యమే ముఖ్య కారణం. ‘దొరికిన’ అనగానే ఆ సాక్షులంతా మీ వాక్యంలోంచి మాయమైపోతారు!

మన పల్నాడులో పిడుగురాళ్ల ఉంది కదా అని వీటిని పిడుగురాళ్లు అనకండి. ఆ పొరపాటు పెద్దలూ చేశారు: 1768లో ఫ్రాన్స్‌లోనే లూసేలో పడిన రాయిని పిడుగు తాకిన మామూలు రాయిగానే రసాయనశాస్త్రవేత్త లావోయిజే బృందం లెక్కగట్టింది. లేగ్ల్ రాళ్లను పిడుగుకు అంటగట్టలేం, ఆనాడు అక్కడ ఆకాశం దాదాపు నిర్మలంగా ఉంది. బొమ్మలోనూ చూడండి, పైన పలుచని నల్లని పొర, విరిగినచోట బూడిదరంగు. ఆ నలుపు గాలిని చీల్చుకుని వచ్చేటప్పుడు పైభాగం కరిగి గట్టిపడటం వల్ల వచ్చింది.

చీటీ మార్చి ఇలా రాయండి: ‘1803 ఏప్రిల్ 26న ఫ్రాన్స్‌లోని లేగ్ల్ వద్ద, జనం చూస్తుండగా పడిన ఉల్కాశిలలు.’