ఆ కంపెనీ కోలుకుందని నమ్మే ముందు

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

భీమిలి దగ్గరి స్థలం అమ్మగా వచ్చిన డబ్బులో సగం ఋషికొండలో ఆఫీసు ఉన్న ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లలో పెట్టాలనుకుంటున్నానని, మూడేళ్ళ నష్టాల తర్వాత వరుసగా రెండు త్రైమాసికాలు లాభం చూపించింది కాబట్టి ఇక దానికి తిరుగులేదని రాశావు. నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. కంపెనీ వాళ్ళు అబద్ధమాడుతున్నారని నేను అనను గాని, కోలుకున్నారనడానికి తగిన ఆధారం ఆ కాగితాలలో నాకు కనబడలేదు. క్లయింట్ల దగ్గరి నుంచి డబ్బు నిజంగా బ్యాంకులో పడుతోందని, ఆ డబ్బుతోనే జీతాలు గడుస్తున్నాయని తేలేవరకు నువ్వు ఆగడం మంచిది.

డిసెంబరు ఫలితాల పట్టికలో నికర లాభం దగ్గర మాత్రమే ఎర్ర సిరాతో గీత గీశావు. అదే పట్టికలో పైన ‘ఇతర ఆదాయం’ అనే వరుస ఉంది, చూడు. లాభంలో సగానికి మించి అక్కడి నుంచే వచ్చింది. ఎవరికో ఇవ్వవలసిన పాత బాకీ ఇక ఇవ్వనక్కరలేదని తేలి, ఆ మొత్తాన్ని ఆదాయంగా రాసుకున్నామని కింద నోట్స్‌లో చిన్న అక్షరాలలో ఉంది. అది ఒక్కసారి వచ్చేదే తప్ప వచ్చే త్రైమాసికంలో మళ్ళీ రాదు.

చేతికి నిజంగా ఎంత డబ్బు వచ్చింది, ఎంత పోయింది అని చూపే నగదు ప్రవాహ పట్టిక డిసెంబరు ఫలితాలతో రాదు. సెప్టెంబరు, మార్చి ఫలితాలతోనే వస్తుంది. సెప్టెంబరుది నువ్వు పంపలేదు కాబట్టి స్టాక్ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్ నుంచి నేనే తీసుకున్నాను. లాభం చూపించిన అదే కాలంలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు మైనస్‌లో ఉంది, క్లయింట్ల నుంచి రావలసిన బాకీలు పెరిగాయి, ఇంజనీర్ల జీతాలలో కొంత భాగాన్ని ఖర్చులో చూపకుండా తయారీలో ఉన్న ఉత్పత్తి కింద ఆస్తులలో చేర్చారు. ఇలా చేర్చడానికి కొన్ని షరతులతో నిబంధనలే ఒప్పుకుంటాయి. అయితే అలా చేర్చిన ప్రతి రూపాయీ ఆ ఏటి లాభాన్ని పెంచుతుంది, జీతం మాత్రం బ్యాంకు ఖాతా నుంచి పోతూనే ఉంటుంది. పైగా ఆ ఖర్చు నగదు ప్రవాహంలో కూడా పెట్టుబడి కింద కనిపిస్తుంది గనుక ఆ వరుసను కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసినంత కాలం నేను మార్చి నెల చివరి వారం బిల్లులను, ఏప్రిల్ మొదటి వారం క్రెడిట్ నోట్లను (వేసిన బిల్లును రద్దు చేస్తూ లేదా తగ్గిస్తూ ఇచ్చే కాగితాలను) పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. మార్చి 30న వేసిన పెద్ద బిల్లు ఏప్రిల్ 5న నిశ్శబ్దంగా రద్దయిందంటే ఏడాది అమ్మకాల మాట ఎంతవరకు నిజమో అక్కడే తెలిసిపోయేది. సరుకు అమ్మే కంపెనీనైతే లారీ రశీదు అడగవచ్చు, గోదాము తెరిపించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు లేదు, అందులోనూ ఇంకా బిల్లు వేయని పనిని కూడా ఆదాయంగా రాసుకునే పద్ధతి ఉంది. అందుకే బాకీలు ఎన్నాళ్ళుగా నిలిచి ఉన్నాయో వార్షిక నివేదికలో తప్పక చదవాలి. ఆరు నెలల లోపువి ఎన్ని, ఏడాది దాటినవి ఎన్ని, మూడేళ్ళు దాటినవి ఎన్ని అని విడివిడిగా చూపించడం 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది.

బ్యాంకులో నిల్వ బాగానే ఉందని కూడా రాశావు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ మన తెలుగువాళ్ళెవరూ మరచిపోకూడనిది. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనే లేవని, సెప్టెంబరు త్రైమాసికంలో 24 శాతంగా చూపిన మార్జిన్ (ఆదాయంలో లాభం వాటా) నిజానికి 3 శాతమేనని ఆయనే ఒప్పుకున్నారు. ఆ లేని డబ్బుకు 376 కోట్ల వడ్డీ రావలసి ఉన్నట్టు కూడా రాసుకున్నారు. కాబట్టి నిల్వ ఎంత ఉందో చూసి ఊరుకోకుండా, దానిమీద వడ్డీ నగదుగా చేతికి అందిందో లేక రావలసి ఉందని రాసుకున్నారో కూడా చూడాలి.

ఆడిటరు నివేదికకు జతచేసిన అనుబంధంలో పీఎఫ్, టీడీఎస్, జీఎస్టీ బకాయిలు ఆరు నెలలకు మించి ఉన్నాయేమో రాస్తారు. లాభాలలో ఉన్నామని చెప్పే కంపెనీ ఉద్యోగుల పీఎఫ్ కట్టకుండా ఆపిందంటే నేను ఇక ముందుకు చదవను. ఏ నెలలో ఎంతమందికి పీఎఫ్ కట్టారో పీఎఫ్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికితే దొరుకుతుంది. ఒక పరిమితికి మించిన జీతంతో కొత్తగా చేరేవారికి పీఎఫ్ తప్పనిసరి కాదు గనుక ఆ సంఖ్య ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు గాని, కొత్తగా ఎంతోమందిని తీసుకున్నామని ప్రకటించిన నెలల్లో ఆ సంఖ్య తగ్గుతూ వస్తే అడగవలసిందే.

ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపే యజమానులు, వారెంట్లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులు) తీసుకోవడం నీకు గొప్ప నమ్మకంగా కనిపించింది. వారెంటు తీసుకున్నవారు ముందు 25 శాతం కట్టి, మిగతా 75 శాతం 18 నెలల లోపు కట్టవచ్చు. ఇష్టం లేకపోతే ఆ పావు వదులుకుని తప్పుకోవచ్చు. కంపెనీ లోపలి సంగతులన్నీ తెలిసినవాళ్ళు పావు కట్టి ఆగి చూస్తుంటే, ఏమీ తెలియని నువ్వు మొత్తం ఈరోజే కట్టడం ఎందుకు?

దెబ్బతిన్న సంస్థ లేవదని నేను చెప్పడం లేదు. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్ళింది; 2023 ఆగస్టులో నౌకాదళానికి ఐదు ఓడల కోసం సుమారు 19,000 కోట్ల ఒప్పందం కుదిరింది. ఎవరికి, ఎన్ని, ఎంతకు అన్నవి అందరికీ తెలిసేలా ఉన్నాయి. నీ కంపెనీ విదేశీ సంస్థతో కుదిరిందని ప్రకటించిన అవగాహన ఒప్పందంలో ఎంత డబ్బో లేదు, గడువూ లేదు.

ప్రస్తుతానికి ఒక్క షేరు కొనుక్కో. వాటాదారుడివైతే వార్షిక సర్వసభ్య సమావేశంలో ప్రశ్న అడిగే హక్కు నీకు వస్తుంది. మొదటి ముగ్గురు క్లయింట్ల నుంచి ఆదాయంలో ఎంత శాతం వస్తోంది, అందులో ఏటా కొనసాగేది ఎంత, డిసెంబరు బాకీలలో మార్చి లోపు వసూలైంది ఎంత అని ముందుగానే రాసి పంపు. అక్కడ పనిచేసే నీ స్నేహితుణ్ణి మాత్రం రాబోయే ఫలితాల గురించి అడగవద్దు. ప్రకటించని సమాచారంతో షేర్లు కొనడం షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం నేరం, అతని ఉద్యోగమూ పోతుంది.

ఆ స్థలం మీ నాన్న జీతంలో మిగిల్చి కొన్నది గనుక ఈ ఆలోచన అక్కయ్యకు కూడా చెప్పు. వార్షిక ఫలితాలు మే నెలాఖరు లోపు రావాలి. అంతవరకు డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచు, ఫలితాలు రాగానే ఆ కాగితాలు తీసుకుని ఒక ఆదివారం ఇంటికి రా, నగదు ప్రవాహ పట్టిక ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ మామయ్య