పిల్లలతో కలిసి చూడటానికి, కథలో పెద్దవాళ్లే తడబడే సినిమాలు వెతకండి

ఎనిమిదేళ్ల పాప, పదమూడేళ్ల బాబుతో కలిసి చూసి, తర్వాత నాలుగు మాటలు మాట్లాడుకోగలిగే సినిమాలు చెప్పమని ఒకరు అడిగారు. మాది తిరుపతి, మా పిల్లలిద్దరిదీ దాదాపు అదే వయసు. నా సలహా ఒకటే: నీతి ఉన్న సినిమాల కోసం వెతక్కండి. పిల్లవాడు దారి తప్పి, దెబ్బ తిని, చివర్లో బుద్ధి తెచ్చుకునే కథ పెడితే, అది ఎవరి కోసం పెట్టారో వాళ్లకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత నోరు విప్పరు. అమ్మో, నాన్నో, మాస్టారో తడబడే కథ పెట్టి చూడండి.

మొదట 2024లో వచ్చిన ‘35 చిన్న కథ కాదు’. మా ఊళ్లో జరిగే కథ కాబట్టి కాస్త పక్షపాతం ఉందనుకున్నా సరే. సున్నాకు విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెట్టగానే పది ఎలా అవుతుందని అందులో కుర్రాడి సందేహం. లెక్కల మాస్టారు జవాబు చెప్పకపోగా వాణ్ని ‘జీరో’ అని పిలుస్తాడు. పదో తరగతి తప్పిన తల్లి, కొడుకు కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది.

హాల్లోంచి బయటికి వచ్చాక మావాడు ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. కొన్నాళ్లకు అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్తున్నాం. ఉన్నవి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఆయాసంతో ఎవరికీ మాట రాదు. అది దాటాక నడక తేలిక. అక్కడ ఉన్నట్టుండి, “అమ్మా, నీకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చేవి?” అన్నాడు. ఉన్నమాట చెప్పాను. కాసేపటికి, ట్యూషన్లో మార్కులను బట్టి వరసల్లో కూర్చోబెడుతున్నారని, తనది చివరి వరస అని బయటపెట్టాడు. పక్కపక్కన నడుస్తూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేని చోట పిల్లలు ఎక్కువ మాట్లాడతారని నాకు అనిపిస్తుంది. సినిమా అయిపోగానే “ఏం నేర్చుకున్నావు?” అని మాత్రం అడగకండి. అది పరీక్ష పేపరు.

పాపకు 2015 నాటి ‘ఇన్‌సైడ్ అవుట్’ చూపించండి. పదకొండేళ్ల రైలీ మనసులో సంతోషం, దుఃఖం, భయం, కోపం, అసహ్యం మనుషుల్లా తిరుగుతూ ఉంటాయి. రంగులు, నవ్వులు పిల్లలకు చాలు. మనం గమనించాల్సింది వేరే ఉంది. కొత్త ఊరికి వచ్చి దిగులుపడుతున్న కూతురితో, నాన్న ఒత్తిడిలో ఉన్నాడు, నువ్వు నవ్వుతూ ఉంటే సాయంగా ఉంటుందని తల్లి ప్రేమగానే చెబుతుంది. ఏడుపు మింగడం ఆ పిల్లకు అక్కడ అలవాటవుతుంది. మా అమ్మాయి ఆ చోట నా వైపు ఒకసారి తిరిగి చూసింది.

బాబు కోసం ‘బొమ్మరిల్లు’ (2006) ఉంచండి. దీనికి ఇంట్లో తాతగారు ఉంటే వదలకండి. చొక్కా దగ్గర నుంచి అన్నీ తండ్రే ఎంచిపెట్టే కొడుకు, చివరికి ఆ తండ్రి ఎదుట కడుపులోదంతా కక్కేస్తాడు. మా మామగారు తండ్రి పక్షం, మావాడు కొడుకు పక్షం. రాత్రి భోజనాల దాకా వాదన సాగింది. మా ఆయన ఎటూ తేల్చకుండా మజ్జిగ పోసుకున్నారు. మధ్యలో ప్రేమకథ నిడివి ఎక్కువే, పాపకు విసుగు పుడుతుంది.

ఇక 1997లో మజీద్ మజీదీ తీసిన ఇరాన్ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’. అలీ తన చెల్లెలి బూట్లు బాగుచేయించి తెస్తూ పోగొడతాడు. కొత్తవి కొనే స్తోమతు నాన్నకు లేదని తెలిసి, అవి పోయిన సంగతి ఇంట్లో చెప్పడు. ఉన్న ఒక్క జత ఇద్దరూ మార్చుకుని వేసుకుంటారు: పొద్దున చెల్లెలు బడికి, మధ్యాహ్నం అన్న. “నాన్నకు ఎందుకు చెప్పలేదు?” అని మా పాప పదే పదే అడిగింది. “నువ్వయితే చెప్తావా?” అన్నాడు అన్న. పోయిన జామెట్రీ బాక్సు సంగతి అప్పుడే బయటపడింది.

సినిమా గంటన్నరే, కానీ మాటలన్నీ పారశీకంలో ఉంటాయి. ఎనిమిదేళ్ల పిల్ల కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను అంత వేగంగా చదవలేదు. చదివి తెలుగులో చెప్పే పని బాబుకు అప్పగించండి, మధ్యలో వాడు సొంత కవిత్వం కలిపినా ఆపకండి.