బాబు ఎత్తు పెరగట్లేదు.. ఏం తినిపిస్తే గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది?

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. ఎత్తు 128 సెం.మీ., బరువు 27 కిలోలు. రెండేళ్ల కిందట స్కూల్లో కొలిచినప్పుడు 125 ఉన్నాడు. మావారి ఎత్తు 170, నాది 155. పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే గ్రోత్ హార్మోన్ 0.2 వచ్చింది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్. ఉపవాసంతో ఈ హార్మోన్ పెరుగుతుందని వీడియోల్లో చూసి, నెల నుంచి రాత్రి భోజనం మాన్పించాం. పొద్దున పాలల్లో ఆర్జినైన్ పౌడర్ ఇస్తున్నాం. ఇంకా ఏమేం పెట్టాలి? ఈమధ్య బాబుకు పొద్దున్నే తలనొప్పి అంటున్నాడు. నీళ్లు బాగా తాగుతాడు, రాత్రి మూడుసార్లు పాస్‌కు లేస్తాడు. ఎండల వల్లే అనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఏం పెట్టాలన్నది తర్వాత చూద్దామమ్మా. మీరు ఎండల ఖాతాలో వేసేసిన తలనొప్పి, దాహం, రాత్రిళ్లు లేవడం.. వీటి సంగతి ముందు తేలాలి. ఎదుగుదల ఆగిన పిల్లాడిలో ఈ మూడూ కలిసి కనిపిస్తే వేటికవి విడిగా చూడకూడదు.

ఈరోజే దగ్గర్లోని ల్యాబ్‌లో షుగర్ చూపించండి. టైప్-1 డయాబెటిస్ ఈ వయసులో ఇలాగే బయటపడుతుంది, రోజుల్లోనే ముదురుతుంది. షుగర్ ఎక్కువుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. నార్మల్ వస్తే అంతటితో వదిలేయొద్దు. అప్పుడు చూడాల్సింది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని. గ్రోత్ హార్మోన్ తయారయ్యేది అందులోనే. ఒంట్లో నీరు మూత్రంగా పోకుండా నిలిపే వాసోప్రెసిన్ రక్తంలోకి వచ్చేదీ అక్కడి నుంచే. ఆ చోట గడ్డ పెరిగితే పొడవు ఆగిపోతుంది, దాహం తీరదు, పొద్దున్నే తలనొప్పి, ఒక్కోసారి వాంతులు, పక్కచూపు తగ్గడం కూడా ఉండొచ్చు. ఈ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కానివే, అయినా ఆలస్యమైతే చూపు పోవచ్చు. మీ బాబుకు ఇదే ఉందని అనడం లేదు, చూడకుండా అనలేను కూడా. లేదని తేల్చుకోండి అంటున్నాను.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. గీతలున్న ప్లాస్టిక్ జగ్గులో ఒక పగలు, ఒక రాత్రి వచ్చిన మూత్రమంతా కొలిచి రాసుకోండి. ఈ ఒంటి సైజు పిల్లాడికి 2 లీటర్లు దాటితే ఎక్కువే. కానీ దయచేసి నీళ్లు మాత్రం తగ్గించొద్దు. నీళ్లు మాన్పిస్తే రాత్రి లేవడు కదా అని కొందరు ప్రయత్నిస్తారు. వాసోప్రెసిన్ లోపం ఉన్న పిల్లల్లో అలా చేస్తే సోడియం పెరిగి ఫిట్స్ దాకా వెళ్తుంది. నీళ్లు ఆపి చేసే పరీక్ష ఆసుపత్రిలో, మధ్యమధ్యలో బరువు, సోడియం చూసుకుంటూ చేసేది.

టీఎస్‌హెచ్ నార్మల్ అన్న ధీమా కూడా వద్దు. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ వచ్చేదీ పిట్యూటరీ నుంచే. ఆ గ్రంథే దెబ్బతింటే టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉండి, థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉండొచ్చు. అందుకే ఆ హార్మోన్‌నే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 చూడాలి. దానితోపాటు పొద్దున 8 గంటల కార్టిసాల్ (కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్, దాన్ని నడిపించేదీ పిట్యూటరీయే), సోడియం, గ్రోత్ హార్మోన్ ప్రభావంతో కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1, కిడ్నీల పనితీరుకు క్రియాటినిన్, హిమోగ్లోబిన్, గోధుమ పడని సీలియాక్ జబ్బు కోసం టీటీజీ యాంటీబాడీ, ఎముకల వయసు తెలియడానికి ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే. ఎంఆర్ఐ, పక్కచూపు తెలిపే కంటి ఫీల్డ్ పరీక్ష డాక్టరు చూసి రాస్తారు. ఫ్రీ టీ4 తక్కువ వచ్చింది కదా అని కార్టిసాల్ సంగతి తేలకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టొద్దు, ప్రమాదం. ఇవన్నీ మీరే ల్యాబ్‌కు వెళ్లి రాయించుకోకుండా హార్మోన్ల డాక్టరును (ఎండోక్రైనాలజిస్టు) కలవండి. మీకు దగ్గర్లో తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది.

ఇక 0.2 సంగతి. ఆ డబ్బు వృథా. గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. విడతలు విడతలుగా వస్తుంది, పెద్ద విడత రాత్రి గాఢనిద్రలో వస్తుంది. మధ్యలో ఎప్పుడు రక్తం తీసినా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ సున్నాకు దగ్గరగా ఉండొచ్చు. లోపం ఉందో లేదో తేల్చడానికి క్లోనిడిన్ లాంటి మందిచ్చి, బీపీ చూసుకుంటూ, అరగంటకోసారి రక్తం తీస్తారు.

తిండికీ దీనికీ సంబంధం లేకపోలేదు. గ్లూకోజ్ తాగితే గ్రోత్ హార్మోన్ పడిపోతుంది. ఉపవాసంలో పెరుగుతుంది. వీడియోలు చెప్పింది అంతవరకు నిజం, చెప్పనిది తర్వాతి సగం. ఎముకను పొడవు పెంచే పని ఎక్కువగా ఐజీఎఫ్-1 ద్వారా జరుగుతుంది. దాన్ని కాలేయం తయారు చేయాలంటే కేలరీలు, ప్రొటీన్ అందాలి. తిండి తగ్గితే గ్రోత్ హార్మోన్ పెరిగినా ఐజీఎఫ్-1 పడిపోతుంది. సరైన తిండి అందక ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్ జబ్బున్న పిల్లల రక్తంలో గ్రోత్ హార్మోన్ ఎక్కువే ఉంటుంది, వాళ్లు పొడవు పెరుగుతున్నారా? ఊబకాయం ఉన్న పిల్లల్లో తక్కువుంటుంది, వాళ్ల ఎత్తుకేం లోటుండదు. రక్తంలో అంకె పెంచడం వేరు, పిల్లాణ్ని పెంచడం వేరు.

మీ బాబు విషయంలో ఇంకో భయం ఉంది. గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ తక్కువున్న పిల్లల్ని రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంచితే తెల్లవారేసరికి షుగర్ పడిపోవచ్చు. ఈ పూట నుంచే రాత్రి భోజనం పెట్టండి. 13-15 ఏళ్ల మగపిల్లలకు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రొటీన్ రోజుకు సుమారు 45 గ్రాములు. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా చిక్కటి పప్పు, అన్నం, పెరుగుతో దాదాపు అక్కడికి చేరుకోవచ్చు. అంతకు మించి కుక్కితే అదనంగా ఎత్తు రాదు.

నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది, ‘మీసాలొచ్చే వయసులో ఒక్కసారిగా లాగుతాడులే’ అనేది. ఆలస్యంగా ఈడేరే పిల్లలూ అప్పటిదాకా ఏడాదికి 4-5 సెం.మీ. పెరుగుతూనే ఉంటారు. మీవాడు రెండేళ్లలో 3 పెరిగాడు. మీ ఇద్దరి ఎత్తు కలిపి, 13 చేర్చి, సగం చేస్తే 169 వస్తుంది. కుటుంబ పోలిక అనుకోవడానికీ లేదు. స్కూల్లో కొలిచారు, ఇంట్లో ఏడాది తర్వాత మళ్లీ కొలిచి ఉంటే అప్పుడే తెలిసేది. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ ఇంజెక్షనూ పనిచేయదు. అలాగని ఎవరైనా వెంటనే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెడదామంటే ఒప్పుకోవద్దు. గడ్డ లేదని తేలాకే ఆ మాట.

తలనొప్పి ఎక్కువై వాంతులైనా, మగతగా ఉన్నా, చూపు మసకబారినా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పౌడర్: గ్రోత్ హార్మోన్ పరీక్షలో ఆర్జినైన్‌ను 30 నిమిషాలపాటు నరంలోకి ఎక్కించి కాసేపు హార్మోన్‌ను పెంచుతారు. పాలల్లో కలిపి తాగితే ఎత్తు పెరగదు. పేరూ ఊరూ లేని ‘హైట్’ పౌడర్లలో స్టెరాయిడ్లు కలిపే బెడద కూడా ఉంది, అవి ఆకలి పెంచి ఎత్తును ఆపేస్తాయి. లేబుల్ సరిగా లేని డబ్బా అయితే ఈరోజే డాక్టరుకు చూపించి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో చెప్పండి. స్టెరాయిడ్ ఉన్నదాన్ని వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే.